సగం కారు

"పన్నెండున్నరకి ఆ ముసలాయన్ని జైలుకి పంపుతున్నాం," అన్నాడు కర్నల్ బొవేరో. "నువ్వు సంతకం పెడితే చాలు."

ఏజెంట్ తుల్లియో గడియారం చూశాడు. పన్నెండూ ఐదు.

ఇటలీ నగరం టొరినోలోని ఓ కార్ల వర్క్‌షాపులో మూడు వారాలుగా అతను క్యాంటీన్ పనివాడి వేషంలో ఉన్నాడు. లోపలి హాల్లో చెక్కుతున్నది వింత బండి. ఏడుగురు కూర్చునే ఫ్యామిలీ కారు, నడుమ రేసు ఇంజన్. అత్తగారినీ పిల్లల్నీ ఎక్కించుకుని గంటకి మూడొందల కిలోమీటర్ల స్పీడుతో పోవచ్చు, అత్తగారు ఒప్పుకుంటే. దాని మట్టి నమూనా ఫొటోల కోసం ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"సెకొందో లాకర్లో ఫిల్ము దొరికింది. పట్టించింది ఓర్నెల్లా," అన్నాడు కర్నల్. "పని అయిపోయిందని పన్నెండు నలభై రైలుకి ఊరెళ్తోంది."

సెకొందో నలభై ఏళ్లుగా అక్కడ మట్టితో కార్లు చెక్కుతున్నాడు. ఓర్నెల్లా, కర్నల్ ఆ ముఠాలోకి పంపిన డబుల్ ఏజెంట్. ఆమె రోడ్డు దాటుతుంటే పచ్చలైటు పడ్డా ట్రాము కదలదు. తుల్లియోతో మూడేళ్లు కాపురం చేసి, పోయిన చలికాలం వెళ్లిపోయింది. అప్పట్నుంచీ అతని మనసు పంటి డాక్టరు మత్తు సూది పొడిచిన చెంపలా ఉంది.

పక్క గదిలో సెకొందో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తుల్లియో ఆ ఫిల్ములోని ఫొటోలు అతని ముందు పరిచాడు.

"ఇవి మీరు తీశారా, పెద్దాయనా?"

ముసలాయన ఒక్కొక్కటీ చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఇవేం ఫొటోలయ్యా? అన్నీ ఎడమవైపే. కుడివైపేదీ?"

"రెండువైపులా ఒకటే కదా?"

"నీ మొహం. మట్టి నమూనా ఒకటే, డిజైన్లు రెండు. ఎడమపక్క సంసారానికి, పెద్ద తలుపులు, పిల్లల సీట్లు. కుడిపక్క రేసుకి, ఇంజన్‌కి గాలి పోయే దారులన్నీ అటే. మధ్యలో అద్దం పెడితే ఏ సగమైనా నిండు కారులా కనబడుతుంది. రెండూ కలిపితేనే మా బండి. దొంగతనమే చేస్తే సగం కారు అమ్ముకుంటానా? నా పనితనం పరువేం కాను?"

"హాల్లోకి బయటివాళ్లెవరైనా వచ్చారా?"

"మొన్న ఒకావిడ వచ్చింది, డైరెక్టర్ల వెంట. గుమ్మం దగ్గరే నిలబడి లైటరు నొక్కీ నొక్కీ విసిగిపోయింది. ఒక్కసారీ వెలగలేదు పాపం."

ఆ గుమ్మం ఎడమవైపుంది. ఆ లైటరు తుల్లియో ఇచ్చిందే. అందులో నిప్పుండదు, కెమెరా ఉంటుంది.

అతను సంతకం పెట్టలేదు. రైల్వే స్టేషను రెండు వీధుల అవతలే. పరుగెత్తాడు.

పన్నెండు నలభై రైలు కూత వేసింది. ఓర్నెల్లా రైల్లో కూర్చున్న ఒక టోపీవాడికి కిటికీలోంచి ఫొటోల కవరు అందించి మెట్టెక్కబోతోంది. తుల్లియో ఆమె చెయ్యి పట్టుకుని బేడీ వేశాడు. రైలు కదిలింది. వెంట వచ్చిన పోలీసులు పెట్టెలోకి దూకబోయారు.

"ఆగండి," అన్నాడు. "కవరు పోనీండి."

ఓర్నెల్లా తెల్లబోయి చూసింది. "నన్ను పట్టిస్తున్నావు. నీకేమీ అనిపించడం లేదా, తుల్లియో?"

అతను నిజంగానే లోపల వెతుక్కున్నాడు. ఏమీ లేదు. ఆమె చేతికి తను కొనిచ్చిన వాచీ ఉంది. టైము చూశాడు. పన్నెండు నలభై ఒకటి.

"లేదు," అన్నాడు.

సెకొందో ఒంటిగంటకల్లా మట్టి దగ్గరికి వెళ్లిపోయాడు. కర్నల్ మాత్రం బల్ల గుద్దాడు. "ఫొటోలు చేతులారా పోనిచ్చావా?"

"తలుపులు బ్రహ్మాండంగా వస్తాయి సార్. గాలందని ఇంజన్ రెండో కిలోమీటరుకే ఉడికిపోతుంది," అన్నాడు తుల్లియో. "వాళ్ల అత్తగార్లు ఇంటికి నడిచే వస్తారు."