మూసిన తలుపు ఎపిసోడ్

ఆసుపత్రి లాండ్రీలో ప్రేమించుకోవడానికి ఎవడూ టైమివ్వడు. దుప్పట్లు మడతపెట్టేటప్పుడే ఆ పని కూడా కానిచ్చుకోవాలి.

అక్కడి పద్ధతి అది. పొద్దుటి షిఫ్టు దిగేవాళ్లూ, మధ్యాహ్నం షిఫ్టు ఎక్కేవాళ్లూ చివరి వాయి దుప్పట్లని చెరో అంచూ పట్టుకుని మడవాలి. ఆమె దిగేది, అతను ఎక్కేది. దుప్పటికోసారి దగ్గరికొస్తారు, మళ్లీ దూరం జరుగుతారు. ఆమె నోరు ఆగదు కాబట్టి అందరూ రేడియో అంటారు. అతను నోరు విప్పడు కాబట్టి మౌనం అంటారు.

రాత్రి సీరియల్ టైముకి అతను డ్యూటీలో ఉంటాడు. అందుకని మర్నాడు ఆమె చెబుతుంది. ఏడుపులూ, తలుపులు బాదడాలూ, వెనక మ్యూజిక్కూ అన్నీ ఆమే.

ఆ శుక్రవారం మాత్రం అతని మనసు మనసులో లేదు. శని, ఆదివారాలు అతనికి సెలవు, సోమవారం మడతల మెషిన్ వస్తోంది. మేనేజరు ఏదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పాడు. పని తగ్గుతుందట! ఒక్క మాట తమని అడిగాడా? మెషిన్ వచ్చాక పొద్దుటివాళ్లు తమ దారిన తాము పోతారు. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పే చోటే ఉండదు.

"నిన్నటి ఎపిసోడ్ రాసినవాడెవడో గానీ దణ్ణం పెట్టాలనిపించింది," అంది రేడియో దుప్పటి విదిలిస్తూ.

"ఏమైంది?"

"మొగుడు అలిగి లోపలికెళ్లాడు, గది తలుపు దడాలున పడింది. ఆ అమ్మాయి తలుపు ముందు కూర్చుని ఒకటే మాటలు. తప్పు నాదే అంటుంది, నువ్వు లేకపోతే ఇది ఇల్లే కాదంటుంది. ఎదురుగా ఉన్నప్పుడు ఒక్క ముక్క అనలేదు మహాతల్లి! లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. వీడు మనిషా రాయా అని నాకు ఒళ్లు మండిపోయింది."

అంచులు కలిశాయి. ఆమె గొంతు తగ్గించింది.

"చివరికి తలుపు నెట్టింది. గడియే లేదు. గది ఖాళీ! వాడు వెనకాల మెట్ల మీద కూర్చుని మొదట్నుంచీ అంతా వింటున్నాడు!"

"అదే కదా తెలివి!" మౌనానికి ఎక్కడలేని ఊపొచ్చింది. "రాసినవాడు మొదట్లోనే చూపించేశాడు. గది ముందు చెప్పులు లేవు, మెట్ల దగ్గరున్నాయి. మన కళ్లెదురుగా పెట్టే మన కళ్లు కప్పాడు!"

దుప్పటి గాల్లోనే ఆగిపోయింది.

"చెప్పుల సంగతి నేను చెప్పలేదే."

అతను నాలుక కరుచుకున్నాడు.

"ఎక్కడ చూశావ్?"

"ఇంటికెళ్లాక... ఫోన్లో."

"నిన్నొక్కటేనా?"

"రోజూ."

"రోజూనా! నేను గొంతు చించుకుని అత్తలా, ఆడపడుచులా ఏడ్చి చూపిస్తుంటే, అన్నీ తెలిసే విన్నావా? నన్ను కోతిలా ఆడించావన్నమాట!" దుప్పటి అతని మొహాన విసిరికొట్టింది.

"ఉతికినవి నేలన పడేయకండి తల్లీ," అంది ఇస్త్రీ చేసే పెద్దక్క. "కొట్టుకుంటే మాసినవాటితో కొట్టుకోండి."

రేడియో సంచి భుజానేసుకుని గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"కథ ముందే తెలియకపోతే ధ్యాసంతా కథ మీదకే పోతుంది," అని గట్టిగా అన్నాడు మౌనం. లాండ్రీ మొత్తానికీ వినిపించింది. "తెలిసుంటే నిన్ను చూసుకోవచ్చు. అందుకే చూసొచ్చేవాణ్ని."

ఆమె ఆగింది. తిరగలేదు.

"సోమవారం నుంచి ఆ మెషిన్ మడతపెడుతుంది గానీ నాతో మాట్లాడదు కదా. నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా? ఇవాళ అడక్కపోతే మళ్లీ ఎప్పుడడుగుతానో నాకే తెలీదు."

పెద్దక్క ఇస్త్రీపెట్టె ఎత్తి అలాగే పట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఈ నోరు ఎక్కడ తాకట్టు పెట్టావ్?" అంది రేడియో వెనక్కి తిరిగి. కోపంగానే అంది. కానీ పెదవులు మాట వినడం లేదు. "నాతో ఇంకోసారి నాటకాలాడితే?"

"ఆడను."

"రేపు నీకు సెలవే కదా. సీరియల్ టైముకి మా ఇంటికి రా."

"మీ అమ్మగారు ఏమన్నా అంటారేమో?"

"సీరియల్ నడుస్తుంటే కిక్కురుమన్నవాళ్లని మా అమ్మ బతకనివ్వదు. నన్నే వంటింట్లోకి తోసి తలుపేస్తుంది. వాగని అల్లుడు ఒక్కడు దొరికితే చాలని ఎప్పట్నుంచో చూస్తోంది."