ఆవిరి పోయిన దారి

అక్టోబరు దాటితే మా ఇంట్లో బట్టలు ఆరవు. మా బీతోమ్ ఊళ్ళో ఆ పాత ఇటుక ఇళ్ళలో ఎవరికీ ఆరవు. వంటగదిలో తాడు కట్టి ఆరేస్తే మూడో రోజుకి కూడా జేబుల దగ్గర తడి, చంకల దగ్గర ముక్కిన వాసన. గోడ మూలల్లో నల్లటి బూజు. మా కలీనాకి ఏడాదిన్నర. దాని దగ్గుకి ఆ బూజే కారణమని, గదిలో బట్టలు ఆరేయడం మానకపోతే పిల్ల ఊపిరితిత్తులు దక్కవని డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, నువ్వూ ఒక తల్లివేనా అన్నట్టు చూసింది. కలీనా నాన్న ఎప్పుడో వెళ్ళిపోయాడు కాబట్టి ఆ చూపు నేనొక్కదాన్నే పడ్డాను.

అందుకే చిన్న డ్రైయర్ కొన్నాను. స్నానాలగదిలో తొట్టికీ తలుపుకీ మధ్య, గ్యాస్ గీజర్ పక్కన సరిగ్గా పట్టింది. వేడి ఆవిరి బయటికి పోవడానికి దాని వెనకాల చెయ్యి పట్టేంత లావు ముడతల గొట్టం ఉంటుంది. ఆ గొట్టాన్ని కిటికీలోంచి బయటికి వదలాలని దాంతో వచ్చిన పుస్తకంలో రాసుంది. చలికాలంలో కిటికీ తెరుచుకుని కూర్చునేవాళ్ళెవరు? మా మెట్లమీది ఇళ్ళవాళ్ళందరూ కిటికీ సందుల్లో దూది కుక్కి, పైన టేపు వేసేస్తారు. నేనూ వేశాను. కానీ స్నానాలగదిలో, కప్పు కింద గోడకి, గాలి పోయే చిల్లు ఒకటుంది. దాని ఇనపజాలీ ఊడబీకి గొట్టాన్ని అందులోకి తోశాను. చుట్టూ పాత తువ్వాలు కుక్కాను.

అద్దం మీద ఒక్క చుక్క ఆవిరి నిలవలేదు. గంటన్నరలో బట్టలు పెళపెళలాడాయి. మూడు వారాలు రోజూ తిప్పాను. పాప దగ్గు సగానికి తగ్గింది. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. దాచడమెందుకు, అనుకున్నాను.

మా పైఇంట్లో యుఫేమియా ద్రోజ్ద్ అనే ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. మా అమ్మ బతికున్నప్పటి నుంచీ మాతో పడదు. పాప ఏడిస్తే చీపురుకర్రతో నేలని పొడుస్తుంది. నేను మెట్లు కడిగితే సరిగ్గా కడగలేదని మళ్ళీ కడిగి, బకెట్టు నా గుమ్మం ముందు పెట్టి పోతుంది. నేనూ తక్కువదాన్ని కాదు. ఆవిడ నిద్రపోయే వేళ చూసి పాటలు పెట్టేదాన్ని.

నవంబరు ఒకటిన అందరిలాగే మేమూ అమ్మ సమాధి దగ్గర దీపాలు పెట్టడానికి వెళ్ళాం. దారంతా వాన. పాప చలిబట్టలు, నా కోటు, అన్నీ ముద్దయిపోయాయి. మర్నాడు పాప శిశుకేంద్రానికి సెలవు పెట్టించాను గాని, ఆ తరవాతి రోజు పంపక తప్పదు. చలిబట్టలు ఒక్క జతే ఉన్నాయి. తడిబట్టల మూట చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ద్రోజ్ద్ ఎదురైంది. మూట చూసింది. రేపు చచ్చిపోయినవాళ్ళ రోజనీ, రేపు గుడ్డలు ఉతక్కూడదనీ, చక్రం, కదురు, మరేదైనా సరే తిప్పకూడదనీ, ఆ రోజు ఇళ్ళకి వచ్చే చచ్చినవాళ్ళు దారిలో చిక్కుకుంటారనీ మొదలుపెట్టింది. మా అమ్మమ్మ కూడా ఇలాంటివే చెప్పేది.

"నా కూతురి బట్టలు మీ చచ్చినవాళ్ళు వచ్చి ఆరబెడతారా?" అన్నాను.

"నా వాళ్ళేంటే, వాళ్ళలో మీ అమ్మ కూడా ఉంది" అంది ఆవిడ.

ఆ మాటకి ఒళ్ళు మండింది. మర్నాటి దాకా ఆగి, ఆవిడ మీద కోపానికే, రెండో తారీకు సాయంత్రం డ్రైయర్ తిప్పాను. వానకి నాలుగున్నరకే చీకటి పడింది. మిషన్ తిరిగినంతసేపూ ఇంట్లో వెచ్చగా ఉండేది ఆ ఒక్క గదే కాబట్టి పాపకి అప్పుడే నీళ్ళు పోద్దామనుకున్నాను. తలుపు వేశాను. గీజర్ భగ్గుమని అంటుకుంది. నీలం మంట. వేడెక్కిన నూలు వాసన, సబ్బు వాసన. పాప తొట్టిలో నీళ్ళు చరుస్తూ నవ్వుతోంది.

ఆ డ్రైయర్ కాసేపు ఒకవైపు తిరిగి, ఆగి, రెండోవైపు తిరుగుతుంది. ఆగినప్పుడు నాలుగైదు క్షణాలు ఏ చప్పుడూ ఉండదు.

మొదటిసారి ఆగినప్పుడు గొట్టంలోంచి ఎవరో అన్నారు.

"అమ్మాయ్..."

ముసలి గొంతు. పైఇంటి నుంచి ద్రోజ్ద్ చిల్లులోకి నోరుపెట్టి అరుస్తోందనుకున్నాను. ఇక తిట్లు మొదలవుతాయి అనుకుని నేనూ ఒకటి సిద్ధం చేసుకున్నాను. మిషన్ మళ్ళీ తిరిగింది.

రెండోసారి ఆగింది.

"పాపకి చలి తగులుతుందమ్మా. తలుపు కింద సందుంది... మూసెయ్."

ఎంత మెత్తగా అందో. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో అలా మాట్లాడలేదు. నిన్నటి మాటకి సిగ్గుపడి మంచి చేసుకుంటోందనుకున్నాను. నిజంగానే పాదాలకి చల్లగాలి తగులుతోంది. తుండుగుడ్డ మడిచి తలుపు కింద కుక్కాను. ఎందుకు కుక్కానని ఇప్పటికీ నన్ను నేను అడుక్కుంటాను. చెప్పింది, చేశాను. అంతే.

గదిలో కొత్త వాసన ఒకటి మొదలైంది. అప్పుడే ఆరిన కొవ్వొత్తి వాసన. దాని వెనక తడిమట్టి. తల బరువెక్కింది. కణతల దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టు... గీజర్ మంట నీలంగా లేదు. పసుప్పచ్చగా, పొడుగ్గా, నాలుకలా ఊగుతోంది.

మిషన్ ఆగింది.

"నీళ్ళు చల్లారాయి. ఇంకొంచెం వేడి పెట్టు తల్లీ."

నా చెయ్యి గీజర్ మీదికి వెళ్ళింది. తిప్పింది.

పాప నవ్వడం మానేసింది. గోడకి ఆనుకుని గొట్టం వైపు చూస్తోంది. బుగ్గలు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. ఎంత ఆరోగ్యంగా ఉందో నా కూతురు, అనుకున్నాను... నేల మీద కూర్చుండిపోయాను.

మిషన్ ఆగింది. ఈసారి మళ్ళీ తిరగలేదు.

గొట్టం ముడతలు ఒక్కొక్కటే దగ్గరికి ముడుచుకున్నాయి. సాగాయి. మళ్ళీ ముడుచుకున్నాయి.

"అలసిపోయావు కదా..." అంది గొంతు. ఇప్పుడది పైనుంచి రావడం లేదు. నా చెవి పక్క నుంచి వస్తోంది. "ఇలా ఇవ్వు... నేనెత్తుకుంటాను."

చెప్పేస్తాను. నేను లేచి పాపని ఎత్తాను. తడిసిన పిల్లని రెండు చేతులతో ఆ చిల్లు వైపు ఎత్తి పట్టుకున్నాను.

అప్పుడు స్నానాలగది తలుపు దడదడలాడింది. ఇంటి తలుపుకి గడియ వేయడం మరిచిపోయాను. అవతల ద్రోజ్ద్, అసలు ద్రోజ్ద్, నోటికొచ్చినట్టు తిడుతోంది. చెప్పినా వినని మొండి ముండా, ఎందుకు తిప్పావే ఆ మిషను, నా నెత్తిమీద తిప్పినట్టుంది అని. పోట్లాడడానికే వచ్చింది. నా గొంతు పలకకపోయేసరికి భుజంతో తలుపు తోసింది. తుండుగుడ్డ అడ్డుపడింది. మళ్ళీ తోసింది. జుట్టు పట్టుకుని నన్ను, కాలు పట్టుకుని పాపని మెట్లమీదికి ఈడ్చింది.

ఫైరింజన్ వాళ్ళు అంతా విడమరిచి చెప్పారు. మిషను గదిలో గాలంతా చిల్లులోకి నెట్టేసింది, కిటికీలకి టేపు ఉంది, కొత్త గాలి రాలేదు, గీజర్ పొగ పైకి పోలేక గదిలోకే తిరిగొచ్చింది. ఆ విషానికి రంగూ వాసనా ఉండవు. మనిషికి లేనిపోనివి వినిపిస్తాయి కూడా. ఇంకో పది నిమిషాలైతే ఇద్దరూ దక్కేవారు కాదు.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాం. ద్రోజ్ద్ తలుపు తట్టి, ఆ సాయంత్రం చిల్లులోంచి నాతో మాట్లాడింది మీరే కదా అని అడిగాను.

"మా ఇంట్లో ఆ చిల్లుని నలభై ఏళ్ళ కిందటే ఇటుకపెట్టి మూయించాను" అంది. తలుపు వేయబోతూ ఆగింది. "అయినా నీతో నేనెప్పుడే అంత మర్యాదగా మాట్లాడాను?"

మర్నాడు పొగగొట్టాలు చూసే ఆయన వచ్చాడు. నల్ల యూనిఫాం కనబడగానే, అదృష్టం కలిసొస్తుందని అందరం చేసినట్టే అలవాటు కొద్దీ నా గుండీ ఒకటి పట్టుకున్నాను. అద్దం, దీపం పెట్టి చిల్లులోకి చాలాసేపు చూశాడు. దిగి, ఈ చిల్లులోకి మూడు వారాలు ఆవిరి వదిలారా అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను. అది ఎక్కడికీ పోయే దారి కాదట. మూరెడు పైన ఇటుకలు, మూరెడు కింద ఇటుకలు. చుట్టూ మూసిన గూడు. ఆవిరంతా తిరిగి గదిలోకే రావాలి. అంత బట్టల నూగు పోగుపడి ఉండాలి. లోపల ఒక్క పోగు కూడా లేదు. తుడిచినట్టుంది.

"ఇందులో గాలి కదలదమ్మా. చూడండి" అని జేబులోంచి పల్చటి కాగితం తీసి చిల్లు దగ్గర పట్టాడు.

కాగితం చిల్లుకి అతుక్కుంది.

చెయ్యి తీసేశాడు. పడలేదు. కాసేపటికి వదులైంది. మళ్ళీ అతుక్కుంది. మళ్ళీ వదులైంది...

కలీనా నా భుజం మీద నిద్రపోతోంది. నా అరచెయ్యి దాని వీపు మీద ఉంది. వీపు లేస్తోంది. దిగుతోంది. కాగితం లోపలికి. కాగితం బయటికి. కాగితం రెండుసార్లు టపటపా కొట్టుకుంది. అప్పుడు దగ్గింది పాప. రెండుసార్లు.

ముందు కాగితం. ఆ తరవాతే పాప.

ఆయన కూడా చూశాడు. కాగితం లాగి పారేసి, వంగి బకెట్టులో సిమెంటు కలిపాడు. తాపీ నిండా తీసి చిల్లుకి కొట్టాడు. మొదటి ముద్దకి చిల్లు సగం మూసుకుంది.

నా చేతికింద పాప వీపు సగమే లేచింది.

రెండో ముద్ద ఎత్తాడు.

"వద్దు" అన్నాను. "మూయకండి."

ఆయన తాపీ కింద పడేసి, వట్టి చేతులతోనే, సిమెంటంతా గబగబా గీకేశాడు.