చిక్కుడు పందిరి కింద మాట

కరెంటు ఆఫీసు వెనకున్న కూరగాయల మడి వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్లేవారు కాదట. మడి నడుమ ఓ స్తంభం. కిందటేడు ఒక లైన్‌మన్ దాని మీదే షాక్ కొట్టి ప్రాణం వదిలాడు. చీకటి పడితే అక్కడ దగ్గు వినిపిస్తుందని... చూసినవాళ్లు లేరు గానీ, విన్నామనేవాళ్లు బోలెడు.

మడి వేసింది ఆయన భార్యే. కుట్టుపని చేసుకు బతికే మనిషి. చలి తగ్గగానే, ఆయన పడ్డ చోటే తవ్వి చిక్కుడు, టమాటా, దోస పెట్టింది. పొద్దున్నే లేత మొలక మట్టిని చీల్చుకుని తలెత్తితే, గుండె మీది రాయి కాస్త పక్కకి జరిగేది. ఆ కాసేపే. అంతలో ఆయన పైనున్న ఫోర్‌మన్ గుర్తొచ్చేవాడు. పళ్లు బిగించి, కలుపుని వేళ్లతో సహా పీకేది.

"లైను ఆపాను, ఎక్కు" అన్నది అతనే. తీరా రిపోర్టులో మాత్రం — చెప్పకుండా ఎక్కాడు, తప్పంతా పోయినవాడిదే. దాని కింద ఆమె సంతకం కావాలని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు.

"పెడతాను," అంది చివరికి. "రాత్రి ఎనిమిదింటికి మడి దగ్గరికి రండి. నలుగురిలో నాకు ఇబ్బంది."

భర్తతో పాటు స్తంభాలెక్కిన జతగాడితో ముందే అనుకుంది. అతను పందిరి వెనక దాక్కుని, ఆయన గొంతుతో ఒక్క మాట అడగాలి. ఆమె ఫోనులో రికార్డు చేయాలి.

ఫోర్‌మన్ వచ్చాడు. కాగితం చాపాడు. ఆమె పెన్ను అందుకుంది...

దగ్గు.

తీగల వెనక నుంచి, బొంగురుగా — "సార్... లైను ఆపారా?"

ఫోర్‌మన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. అతని కింద టమాటా మొక్కలు విరిగాయి.

"ఆపలేదురా... మర్చిపోయాను. ఉద్యోగం పోతుందని అబద్ధం రాశాను. నన్నొదిలెయ్..."

కాగితం, చెప్పులు అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు.

 ఆమె రికార్డు ఆపింది. రేపు పెద్ద ఆఫీసులో, అతని మొహం ముందే వినిపిస్తుంది.

"అచ్చం ఆయనే అనుకున్నాను తమ్ముడూ. ఇక బయటికి రా."

వెనక గేటు చప్పుడైంది. జతగాడు రొప్పుతూ లోపలికొచ్చాడు.

"ఏమనుకోకు వదినా... ఊరవతల వైరు తెగితే ఇప్పుడే వదిలారు. ఫోర్‌మన్ వచ్చాడా?"

 ఆమె పందిరి వైపు తిరిగి, పక్కన పడుకున్న మనిషితో చెప్పినట్టు మెల్లగా అంది.

"విన్నావుగా... ఒప్పుకున్నాడు."

పందిరి లోపల ఎవరో బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలారు.