నాలుగో ఊపిరి

బీదర్ నుంచి బోధన్ దాకా నేను మూత విప్పని ఆంప్లిఫైర్ లేదు. ఏడుపాయల జాతరల నేను కట్టిన మైకు మోతకు మంజీర చేపలు ఒడ్డు మీదికి ఎగిరినయి. నమ్మనోళ్ళు నమ్మకపోనీ, ఆ చేపల పులుసు తిన్నోళ్ళు ఇంకా బతికే ఉన్నరు. అసొంటి అంజయ్య, పటాన్‌చెరుల నలభై ఏండ్లు రిపేరు దుకాణం నడిపిన అంజయ్య, పట్టపగలు రెండు గంటలకు చెప్పులు ఇడిసిపెట్టి ఉరికిండు. ఆ ముచ్చట చెప్త.

సంగారెడ్డిల పప్పుల వ్యాపారం చేసే కిషన్‌రావు సేటు తన ఇంటి మేడ మీద ఒక గది కట్టించిండు, పాటలు వినడానికే. కిటికీ లేదు. గోడలకు దూది, దూది మీద గుడ్డ, నేలకు తివాచీ. తలుపు వేస్తే కింద గంజ్‌ల లారీ హారన్ కొట్టినా దోమ కూత అంతన్న వినరాదు. ఇంత సోకు ఎందుకనుకునేరు. ఆయన భార్య కమలమ్మకు చెవులు పోతున్నయి. ఆరు నెలలల్ల మొత్తమే పోతయని డాక్టర్ చెప్పి అప్పటికే నాలుగు నెలలైంది. చెవి మిషన్ పెట్టుకుంటే పాట రేకు డబ్బాల గులకరాళ్ళ లెక్క ఉంటదని ఆమె దాన్ని తీసి అల్మారల పెట్టింది.

"ఉన్న రెండు నెలలన్న మంచిగ వినాలె అంజయ్యా" అన్నడు సేటు. "వాల్వు ఆంప్లిఫైర్ల గొంతు మెత్తగ ఉంటదంట గద."

"మెత్తగనా? వెన్న సిగ్గుపడాలె" అన్న.

పోటీకి రెండు ఆంప్లిఫైర్లు. ఒకటి వాళ్ళ కొడుకు శ్రీకర్ హైదరాబాద్ నుంచి పంపిన కొత్తది. పెండ్లిపిల్ల లెక్క మెరుస్తున్నది. రెండోది నాది. లక్డారం దిక్కు ఎప్పుడో మూతబడ్డ ఒక మందుల కంపెనీల, డ్యూటీ మారేటప్పుడు పనోళ్ళను పిలిచే మైకు గదిల ఉండేదట. స్క్రాప్‌ల దొరికితే తెచ్చి బాగుచేసిన. కొత్తదాని ముందు అది ఓడిపోతే నాకు ఈ మీసాలెందుకు?

అయితే ఒక తప్పు చేసిన. దాన్ల బల్బు లెక్క వెలిగే గాజు వాల్వు ఒకటి ముదిరిపోయింది. కొన్ని పాత వాల్వులు గంతే. లోపల వదులై మైకు లెక్క తయారైతయి. పెన్సిల్‌తో కొడితే స్పీకర్ల టంగ్‌మంటది. పక్కన దగ్గినా స్పీకర్ దగ్గుతది. నాకు పని నేర్పిన ఉస్తాద్ అసొంటిది దొరికితే అక్కడికక్కడే పగలగొట్టేటోడు. "వినే వాల్వును ఉంచుకోవద్దు బేటా" అనేటోడు. నేను ఉంచుకున్న. దాని వెలుగే నా మిషన్ అందం. గెలవాలన్న యావ.

ముందు కొత్తది పెట్టినం. కమలమ్మ కండ్లు మూసుకొని విన్నది. కొద్దిసేపటికి తల అడ్డంగ ఊపింది.

"దూరం... బాయిలకెల్లి పాడినట్టుంది."

సేటు మొకం వాడిపోయింది.

"లైటు బంజెయ్ సేటూ" అన్న. "నా దాని వెలుగు చీకట్ల చూడాలె."

తలుపు మూసినం. కాటుక లెక్క చీకటి. బయట ఎండ కొడుతుందంటే ఎవ్వరు నమ్మరు. నాలుగు వాల్వులు నిప్పు కణికల లెక్క మెల్లగ ఎర్రబడ్డయి. కాలిన దుమ్ము వాసన లేచింది. దాని ఎనక ఇంకో వాసన... తడిసిన గోనె, చెమట, ముక్కు మండే ఏదో మందు.

పాట తీగ ఇంకా తగిలియ్యలేదు. స్పీకర్ల ఊపిరి వినబడ్డది.

నవ్విన. "పరేషాన్ కాకుండ్రి. వాల్వు మన ఊపిరినే మనకు వినిపిస్తుంది."

సేటు గుసగుసగ అన్నడు. "మనం ముగ్గురమే గదనయ్యా."

"అవ్."

"నాలుగు వినవడుతున్నయి."

"బస్తాలు లెక్కవెట్టీ లెక్కవెట్టీ నీకు ఏదైనా ఒకటి ఎక్కువనే కనిపిస్తది సేటూ. సరే, అందరం ఊపిరి బిగబడుదాం."

సేటు కమలమ్మ చెయ్యి పట్టి ఆమె నోటి మీద పెట్టిండు. ఆమెకు సమజైంది. ముగ్గురం బిగబట్టినం.

ఒకటి... రెండు... మూడు...

స్పీకర్ల ఒక ఊపిరి నడుస్తనే ఉంది. ఉరికొచ్చి నిలబడ్డోని లెక్క... ఆయాసంతోని.

నేనెవర్ని? ఉరుములతోని పోటీపడి మైకులు కట్టినోణ్ణి. పెన్సిల్ తీసి వాల్వు మీద మూడుసార్లు కొట్టిన. టంగ్. టంగ్. టంగ్. పెన్సిల్ జేబుల పెట్టుకున్న.

ఊపిరి ఆగింది.

గది ఆగింది.

...టంగ్.

"తీసెయ్ అంజయ్యా..." సేటు గొంతు పిల్లి పిల్ల గొంతైంది. "జల్దీ తీసెయ్..."

కండువా చుట్టి వాల్వు పట్టి పెరికిన. గుడ్డల నుంచి కూడ వేళ్ళు కాలినయి. స్పీకర్ మూగబోయింది. "అమ్మయ్య" అన్నడు సేటు.

అప్పుడు మళ్ళ వినబడ్డది. స్పీకర్ల కాదు.

గదిల.

మా మధ్యల, కుర్చీల ఎత్తుల... మెల్లగ.

చెవి పక్కన మాట్లాడినా తిరిగి చూడని కమలమ్మ, చీకట్ల నవ్వినట్టుగ అన్నది.

"ఇప్పుడు మంచిగ వినవస్తుంది. ఇదే తీసుకుందాం."

తలుపును ఒక్క తన్ను తన్నిన. మూడు ముక్కలైంది. సరే, తెరుచుకుంది. మెట్లెట్ల దిగిన్నో తెల్వదు. బస్సెక్కినంక చూసుకుంటే కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిల కండువా, కండువాల వాల్వు.

పొద్దుగూకంగ సేటు ఫోన్ చేసిండు. ఏడుస్తుండు. నేను గడప దాటంగనే కమలమ్మకు ఉన్న కొంచెం చెవి కూడ పోయిందట. మొత్తం. రెండు నెలలు కూడ మిగలలే. ఆమె కాగితం మీద ఒక్కటే రాసి చూపిస్తుందట. గదిల ఊపిరి తీసినాయనను మళ్ళ తోల్కరమ్మను అంజయ్యను, అని.

"వాల్వు నీ తాననే ఉంది గద. తే అంజయ్యా. భయమైతే నేను పడత. నీ కాళ్ళు మొక్కుత."

"రేపొస్త సేటూ" అన్న.

పోలే. పదకొండు రోజులైంది.

ఒక సంగతి నేను ఎవ్వరికి చెప్పలే, నా పెండ్లాం సత్తెమ్మకు కూడ. మైకుల నడుమ నిలబడీ నిలబడీ నా ఎడమ చెవి ముప్పై ఏండ్ల కిందనే సచ్చిపోయింది. రిపేరంత కుడి చెవితోనే నెట్టుకొచ్చిన. ఆ రోజు సేటు ఫోన్ కంగార్ల ఎడమ చెవికి పెట్టుకున్న. ప్రతి మాట వినబడ్డది. ఆయన వెక్కిన వెక్కు కూడ.

ఇప్పుడు గోడ అవతల చీమ నడిచినా ఆ చెవికి వినిపిస్తది. ఇదొక్కటి కోతలు కాదు. కమలమ్మకు వాపసియ్యాలని రోజూ అనుకుంట. వాల్వున్న కండువా ముడి దాక పోయి చెయ్యి ఎనక్కి తీసుకుంట.

సత్తెమ్మ నాకు కుడి దిక్కు పండుకుంటది. దీపం ఆర్పినంక జెరసేపటికి, ఎడమ దిక్కు పరుపు కుంగుతది. నేను అటు తిరగను.