సొరంగంలో పదకొండూ ఇరవై

"వెనిగర్ కాస్త ఎక్కువ పొయ్యండి."

"ఇంగ్లీషువాళ్ల రుచులు వంటబట్టాయే!"

కోడ్ సరిపోయింది. ఫ్రాన్సులోని కాలే అనే రేవు పక్కన ఆలుగడ్డ వేపుళ్ల బండి దగ్గర నిలబడ్డ ఎర్ర కోటు ఆవిడ పేరు లివియా సొరాంటినో. అటు ఒక ముఠా దగ్గరా, ఇటు ఫ్రెంచి గూఢచారి శాఖ దగ్గరా జీతం పుచ్చుకునే అందగత్తె. ఫ్రెంచి ఏజెంట్ బాస్టియన్ కారే వైపు చూడకుండానే ఆమె గొంతు తగ్గించింది.

"ఇవాళ పదకొండూ ఇరవైకి. ఇంగ్లండు వెళ్లే గూడ్సులో, సొరంగం నడిమధ్య మంట. వెనకాలే కొలోన్–లండన్ కొత్త రైలు వస్తుంది. పొగలో చిక్కుకుంటుంది."

"ఏ పెట్టెలో?"

"మొత్తం ముప్పై ఒకటి. ఏదో నాకూ చెప్పలేదు. నన్ను నమ్మకపోవడంలో మీ వాళ్లూ మా వాళ్లూ ఒక్కటే."

బాస్టియన్‌కి నోట్లో వేపుడు మట్టిలా అయిపోయింది. సముద్రం కింది సొరంగంలో కొత్త ప్యాసింజర్లు, కొత్త గూడ్సులు నడిపే ఒప్పందం మీద రేపు సంతకాలు. అందుకోసమే ఇవాళ్టి ట్రయల్. ఆ కొత్త రైలు నడుపుతున్నది నదేజ్, అతని భార్య. మొగుడు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా అని నమ్ముతున్న మనిషి.

చీఫ్ మేడమ్ ఒబ్రీ ఫోన్లో ఒక్క ముక్కలో తేల్చేసింది.

"రైళ్లు ఆపం."

"ఆరువందల మంది ఉన్నారు మేడమ్!"

"ఒక్క మనిషి మాట పట్టుకుని ఆపితే సొరంగం భద్రం కాదని లోకమంతా చాటుతారు. ఈ రైళ్లొస్తే బేరం పోయే ఆ సరుకు ఓడల ముఠాకి కావాల్సిందీ అదే. మంత్రిగారిని మూడుసార్లు అడిగాను. పెట్టె నంబరు తెస్తే ఆ ఒక్క పెట్టె రైలు నుంచి విప్పిస్తానన్నారు. నంబరు తే."

పదిన్నరకి బాస్టియన్ మెకానిక్కు వేషంలో గూడ్సు యార్డులో ఉన్నాడు. మందుగుండు వాసన పట్టే పెన్ను చేతిలో ఉంది. లక్షలు పోసి చేయించిన ఆ పెన్ను రెండో పెట్టెలోని సెంటు సీసాల దగ్గర పిచ్చెత్తినట్టు కూసి, ఆ తర్వాత మూగబోయింది. ఇక చేత్తో సీళ్లు తడుముకుంటూ వెళ్లాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితాలు అంతకంటే సరిగ్గా ఉన్నాయి.

పదహారో పెట్టె దగ్గర దారికి అడ్డంగా సరుకులు తనిఖీ చేసే ఒక ఇంగ్లీషు ఇన్‌స్పెక్టర్ టార్చి పట్టుకుని వంగి ఉన్నాడు. ట్వెల్వ్‌ట్రీస్ అనే ముసలాయన.

"జరగండి సార్, తొందరలో ఉన్నా."

"నేను తొందరలో లేను బాబూ. నీ చక్రాలు నువ్వు చూసుకో, నా చెక్క నన్ను చూసుకోనీ."

వాదించే టైము లేదు. ఆయన్ని తప్పించుకుని వెళ్లి ముప్పై ఒకటో పెట్టె దాకా తడిమాడు. ఏమీ దొరకలేదు.

పదకొండుకి కంట్రోల్ రూములో, గోడంత తెర ముందు నిలబడ్డాడు. గూడ్సు చుక్క సొరంగంలోకి దూరింది. దాని వెనకాలే ఇంకో చుక్క. అందులో నదేజ్ ఉంది. రేడియోలో ఆమె గొంతు హుషారుగా వినిపించింది: "సొరంగంలోకి వచ్చేశాం. అంతా బాగుంది."

బాగులేదని చెప్పడానికి మైకు అతని చేతికి ఇవ్వరు. అడిగాడు, బతిమాలాడు, గార్డులు రెండు పక్కలా నిలబడ్డారు. ఎన్నో దేశాల్లో ఎన్నో తలుపులు బద్దలుకొట్టిన మనిషి ఇప్పుడు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పదకొండూ పంతొమ్మిది. ఇరవై.

తెర మీద రెండు చుక్కలూ కదులుతూనే ఉన్నాయి. బయట యార్డు వైపు నుంచి కిటికీలు అదిరేంత చప్పుడు వచ్చింది.

ఫోన్ మోగింది. స్పీకర్లో యార్డు మేనేజరు రొప్పుతున్నాడు.

"పంతొమ్మిదో పెట్టె సార్, పక్క పట్టాల మీద పేలి తగలబడిపోయింది! చుట్టుపక్కల ఎవరూ లేరు, దేవుడి దయ. బయల్దేరే ముందు ఆ ఇంగ్లీషాయన విప్పించేశాడు. సరుకు కింద పెట్టే ప్యాలెట్ల చెక్కని వేడి చేసి పురుగు చంపినట్టు ముద్ర లేదట, పురుగులొస్తాయట. ఎవరెంత అరిచినా వినలేదు. రూలు రూలే అన్నాడు."

ఇంగ్లండు యూరప్‌తో తెగతెంపులు చేసుకున్నాక పుట్టిన రూలు అది. ముఠా పెద్దలు తనిఖీల్లేని కాలంలో సరుకు తోలి ముదిరినవాళ్లు. సీళ్లు, సంతకాలు, కంపెనీ పేర్లు అన్నీ దొంగవి పుట్టించారు. అడుగున వేసే చవక చెక్కని మాత్రం మరిచిపోయారు.

బాస్టియన్ కుర్చీ లాక్కుని కూర్చుని, రెండో చుక్క సొరంగం దాటేదాకా తెర వైపే చూశాడు.

సాయంత్రం నదేజ్ లండన్ నుంచి ఫోన్ చేసింది.

"నాలుగు నిమిషాలు లేటయింది తెలుసా! ఎవడో ఆఫీసరు చెక్కముక్క కోసం గూడ్సు ఆపాడట. ఇలాంటి చాదస్తులకి జీతాలు కూడానా! సరే, నువ్వేం చేశావు ఇవాళ?"

"ఏం చెయ్యలేదు."

పదకొండేళ్ల కాపురంలో తన ఉద్యోగం గురించి అతను ఆమెతో చెప్పిన మొట్టమొదటి నిజం అది.