కుప్పం బాయిలర్

అద్దంలో మళ్లీ అదే బుల్లెట్ బండి.

తహసీన్ యాక్సిలరేటర్ తొక్కుతుంది. కారు వణుకుతుంది. పలమనేరు దాటినప్పటి నుంచీ వెంటే వస్తున్నాడు.

మునికుమార్!

పుంగనూరు డెయిరీలో బాయిలర్ పేలి అతని తమ్ముడు గణేష్ పోయాడు. ఆ బాయిలర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ రాసింది మునికుమారే.

ఇద్దరూ పనిచేసే మదనపల్లె సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ కోడ్‌ని కొలిచేది తహసీన్. ఏ ఫైలు ఎంత చిక్కుపడింది, ఎన్నిసార్లు మారింది, ఎంతమంది చేతులు పడ్డాయి... ఆ కొలతలు చూసి ఏది దెబ్బతింటుందో ముందే చెప్తుంది.

ఆవిరి ఒత్తిడిని అదుపు చేసే ప్రెషర్ ఫైలు దెబ్బతింటుందని చెప్పింది.

దెబ్బతిన్నది.

ఈ సాయంత్రం కుప్పం డెయిరీలోనూ అదే సాఫ్ట్‌వేర్‌తో బాయిలర్ వెలిగిస్తున్నారు. దగ్గరుండి వెలిగించడానికి వెళ్లిన తమ కంపెనీ మేనేజర్ వినోద్ ఫోన్ ఎత్తడం లేదు.

డెయిరీ గేటు...

బ్రేక్. దిగి పరుగెడుతుంది. బాయిలర్ గది హోరెత్తుతోంది. ఆమెని చూడగానే బయట నిలబడ్డ వినోద్ ఆ గది తలుపు లాగి తాళం వేసేశాడు.

"బాయిలర్ ఆపండి సార్. పేలిపోతాది."

"నీవన్నీ ఉత్త అంచనాలు. ఇంటికి పో."

వెనక బండి ఆగింది. ఆమె వీపుకి చల్లగా ఏదో ఆనింది.

పిస్టల్!

"నా ఫైలు పగులుతాదని నీకు ముందే తెలుసు," మునికుమార్ గొంతు. "యాల నోరు మూసుకోనుండావు? నా తమ్ముడు ఆడ ఉడికిపోయినాడు."

ఆమె తల తిప్పకుండానే అంది.

"మూసుకోలేదప్పా. సార్‌కి చెప్పినా. ఆయన అడిగితేనే గదా నువ్వు సరిచేసి ఇచ్చినావు? మళ్లా టెస్టింగంటే నెల పడతాదని, నీ ఫైలు తీసేసి పాతదే పంపించినాడు. పుంగనూరికీ... ఈడికీ."

"అబద్ధం," అన్నాడు వినోద్. "ఇక్కడ పెట్టింది మంచి ఫైలే."

మునికుమార్ అతన్నే చూస్తున్నాడు.

"అట్లయితే తలుపు తీ సార్. లోపలికి పోయి నిలబడు."

వినోద్ కదల్లేదు.

లోపల ఇనుము మూలిగింది.

వినోద్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి.

మునికుమార్‌కి అది చాలు.

ఢాం!

తహసీన్ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తాళం పగిలి వేలాడుతోంది.

"పోమ్మా. ఆపు."

లోపలికి దూకింది. ఆవిరి... మొహం కాలిపోతోంది. ప్రెషర్ మీటరు ముల్లు ఎర్రగీత దాటేసింది. గోడ తడుముతుంది. దొరికింది! ఎర్ర బటన్‌ని అరచేత్తో గుద్దింది.

హోరు తగ్గింది. ముల్లు మెల్లగా దిగుతోంది.

బతికాం...

బయట వినోద్ గొంతు.

"మునీ... వద్దప్పా... మాట్లాడుకుందాం..."

ఢాం!