గేటు దాటని మేళం

ఇన్‌ఫార్మర్ కొండన్న సోమవారం సంతలో, మిట్టమధ్యాహ్నం, ఎండుచేపల పొట్లం చేత్తో పట్టుకుని చచ్చిపోయాడు. వీపులో బాణం. సంతలో నాలుగొందల మంది ఉన్నారు. పోలీసులు అడిగితే, ఆ సమయానికి నాలుగొందల మందీ ఎండుచేపలే బేరమాడుతున్నారట!

పదకొండు రోజుల్లో ఇది మూడో చావు. అది 1923. నర్సీపట్నం దాటి ఆరు మైళ్ళు పోతే కొండవాలు, అక్కడ రోడ్డుకి అడ్డంగా ఒక వెదురు గేటు. గేటుకి ఇవతల కచేరీ, తపాలా, తాసీల్దారు. అవతల ఏడాదిగా పితూరీ, కొండవాళ్ళ తిరుగుబాటు. పైన పటాలం ఒక ఊరు కాలిస్తే, కింద సంతలో ఒక మనిషి కూలేవాడు. పైకి ఉప్పు పోనివ్వరు, కిందికి కబురు రానివ్వరు. ఒకే తాలూకా రెండు దేశాలైపోయింది. ఆ రెండింటి మధ్యా ఉన్నది నాలుగు వెదుళ్ళూ, నిద్రమొహం సెంట్రీ ఒకడూ.

మర్నాడు పొద్దున్నే ట్రావెలర్స్ బంగళాలో కెప్టెన్ ప్రెంటిస్ దొర ముందు సి.ఐ.డి. దక్షిణామూర్తి నిలబడ్డాడు.

"కూర్చోకు. టైం లేదు," అన్నాడు దొర. "ఫ్రెంచి యానాంలో ఒక ముఠా ఉంది. తూటాలు అమ్ముతుంది. నాలుగొందల తూటాలు రైలెక్కి యలమంచిలిలో దిగాయి. కోటవురట్ల మీదుగా ఈ ఊరు చేరాయి. శుక్రవారం లోపల గేటు దాటతాయి. దాటకూడదు."

"దాటితే సార్?"

"పైన పాలగెడ్డ ఔట్‌పోస్టు ఉంది. ముప్ఫై మంది ఉంటారు. వాళ్ళలో ఒక్కడూ మిగలడు. అక్కడ టెలిగ్రాఫ్ సిగ్నలర్ ఎవరో నీకు తెలుసు."

తెలియకేం? యాజులు. దక్షిణామూర్తి సొంత తమ్ముడు.

"అందుకే నిన్ను పిలిపించాను. తమ్ముడు పైనున్నవాడు డ్యూటీలో కునికిపాట్లు పడడు," అని దొర చుట్ట వెలిగించాడు.

ఒళ్ళు మండింది దక్షిణామూర్తికి. కానీ ఆ మాట నిజమే. తండ్రి పోయాక యాజుల్ని చదివించింది తనే, తంతి స్కూల్లో వేయించింది తనే. ఎవరి కాళ్ళో పట్టుకుని ఆ ఉద్యోగం వేయించిందీ తనే. కొండ మీద పోస్టింగ్ అని తెలిసిన రోజు వాళ్ళమ్మ బాలాంబ గారు విశాఖపట్నంలో ఇంటి గుమ్మం పట్టుకుని నిలబడి, "చిన్నవాణ్ణి ప్రాణాలతో తెచ్చి నాకప్పజెప్పే పూచీ నీదిరా," అంది. అప్పట్నుంచీ ఆవిడ రాత్రిపూట అన్నం మానేసింది.

ఆ సాయంత్రానికి దక్షిణామూర్తి మాయమయ్యాడు. అతని బదులు పక్కనే ఉన్న బలిఘట్టంలో ఒక గ్రామఫోను కంపెనీ ఏజెంటు దిగాడు. కోటు, టోపీ, మైనం పెట్టి మెలేసిన మీసం, చంకలో పెట్టె. పెట్టె అడుగు పలక లాగితే రివాల్వరు. జేబులో పోలీసు విజిల్.

అతను కలవాల్సింది పోలీసులకి రహస్యంగా కబుర్లందించే ఏజెంట్ నంబర్ నైన్‌ని. వీధి చివర పెంకుటింట్లో, జరీ అంచు చీర కట్టుకుని ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉంది. పేరు లోవలక్ష్మి. మూడు తాలూకాల్లో ఆవిడ మేళం లేనిదే పెళ్ళిళ్ళు జరిగేవి కావు.

"మోహన రాగం ప్లేటు ఉందాండీ?" అంది.

"ఉంది. ఒక గీత పడింది."

"గీత పడిన పాటే బాగుంటుంది," అని నవ్వింది. కోడ్ సరిపోయింది. ఆ నవ్వు దక్షిణామూర్తికి అవసరానికి మించి నచ్చింది.

"శుక్రవారం పొద్దున్న ఖాళీ చింతపండు బళ్ళు పైకి వెళ్తాయండి. ఇరుసుకి రాసే కందెన కుండల్లో చూడండి."

"మీకెలా తెలుసు?"

"పాటకత్తె ముందు మగవాళ్ళు నోరు కట్టుకోరండీ."

ఈ కబురు దొరకి చేరింది. శుక్రవారం పొద్దున దొర పటాలాన్నంతా వెంటేసుకుని, గేటుకి అరమైలు ఇవతల బళ్ళ రేవులో కాపేశాడు. ముప్ఫై కందెన కుండలు! జవాన్లు మోచేతుల దాకా నల్లగా ముంచి వెతుకుతున్నారు.

అదే పొద్దున లోవలక్ష్మి మేళం పాలగెడ్డ బయల్దేరింది. ఔట్‌పోస్టులో పాట కచేరీ, దొర సంతకం పెట్టిన పాసు. పాసున్న వాళ్ళని గేట్లో సోదా చెయ్యరు. గేటు దాకా సాగనంపుతానని దక్షిణామూర్తి తనే వెంటబడ్డాడు. డ్యూటీ కాదది, ఒట్టి పిచ్చి.

ఎర్రమట్టి రోడ్డు. రెండు బళ్ళు ఒరుసుకోకుండా పోయేంత వెడల్పు. దక్షిణామూర్తి ఆవిడ పక్కన నడవబోయాడు. ఆవిడ వెనక్కి తగ్గింది. ఇతను అడుగు తగ్గించాడు, ఆవిడ మళ్ళీ తగ్గి వెనకే వచ్చింది. భార్య భర్త వెనక నడిచినట్టు నడుస్తోందని మురిసిపోయాడు, వెర్రి మనిషి!

ఒక మలుపు దగ్గర తిరిగి చూశాడు. ఆవిడ వెనక మద్దెలవాడు. వాడి వెనక ఫిడేలువాడు. ఆ వెనక తాళాలవాడు. అందరికీ ఆఖర్న హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టుకుని దేవుళ్లు అనేవాడు. ఒకరి అడుగులో ఒకరు, చీమల్లా వస్తున్నారు. ఎవరూ పక్కకి రారు, ఎవరూ మాట్లాడరు.

దక్షిణామూర్తికి ఎక్కడో గుచ్చుకుంది. మేళం వాళ్ళు రోడ్డున పడితే ఎలా నడుస్తారు? రోడ్డంతా పరుచుకుని, తాంబూలం నములుతూ, నిన్నటి పెళ్ళివారిని తిట్టుకుంటూ నడుస్తారు. ఇలా వరసగా నడిచేది ఒక్కరే. కొండవాళ్ళు. ఒక మనిషి పట్టే కాలిబాటల్లో పుట్టి పెరిగినవాళ్ళు, సంతకి దిగినా, నడివీధి ఖాళీగా ఉన్నా, అలాగే ఒకరి వెనక ఒకరు వస్తారు. అది మర్చిపోవటం వాళ్ళ వల్ల కాదు.

పరీక్షకి అతను రోడ్డు మధ్యలో వంగి బూటు తాడు కట్టుకున్నాడు. చుట్టూ బోలెడు దారి ఉంది. అయిదుగురూ అతని వెనకే ఆగిపోయారు. అతను లేచేదాకా ఒక్కరూ పక్కనుంచి దాటలేదు.

జరీ చీర, అత్తరు, ఆ పలుకు, అంతా వేషం! చింతపండు బళ్ళు ఎర. తూటాలు దేవుళ్లు నెత్తి మీదున్నాయి.

గేటు కనిపిస్తోంది. సెంట్రీ లోవలక్ష్మి చేతిలో పాసు చూసి, పళ్ళికిలించి వెదురు పైకెత్తాడు. ఆవిడ ఇవతలే ఆగి మేళాన్ని ముందు పంపింది. మద్దెలవాడు దాటాడు. ఫిడేలువాడు, తాళాలవాడు దాటారు. దేవుళ్లు కాలు ఎత్తాడు.

"హాల్ట్!"

రివాల్వరు ముందుకి, విజిల్ నోట్లోకి. ఊదాడు. సెంట్రీ బిత్తరపోయి వెదురు వదిలేశాడు. అది హార్మోనియం పెట్టెకి జానెడు ముందు దబ్బున పడింది. అరమైలు అవతల గుర్రం సకిలించింది. దొర బయల్దేరాడు.

దేవుళ్లు పెట్టె దించి చేతులెత్తాడు, దాటిన ముగ్గురూ రివాల్వరు చూసి వెనక్కి వచ్చారు. లోవలక్ష్మి మాత్రం దగ్గరికొచ్చింది. ఆవిడ నోట్లోంచి 'అండీ' ఎగిరిపోయింది.

"బాబూ, ఆ పెట్టి నువ్వొక్కడివే ఇప్పి సూడు. దొర రాకముందే ఇప్పు."

"బెదిరింపా?"

"కాదు బాబూ. నీ మంచికే సెప్తన్నాను. బేగి ఇప్పు. ఇప్పినాక నన్ను కాల్సీ, నానేటీ అనను."

గుర్రం రావటానికి రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాలు చాలు. కానీ మోసపోయిన మగాడికి ఉండే ఉక్రోషం మామూలుది కాదు. "దొర ఎదుటే విప్పుతాను. నువ్వాడిన నాటకం ఆయన కూడా చూడాలి," అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "నీ కర్మ," అంది.

దొర దిగాడు. దక్షిణామూర్తి ఛాతీ విరుచుకుని, పెట్టె పైపలక ఊడబెరికాడు. తిత్తి ఉండాల్సిన చోట ఇత్తడి తూటాలు, వరసలు వరసలుగా. వాటి మీద మడత పెట్టిన కాగితం ఒకటి. దొర చెయ్యి ముందు పడింది.

టెలిగ్రాఫ్ ఫారం. పాలగెడ్డ ఔట్‌పోస్టు పటం. సెంట్రీలు మారే వేళలు, మందుగుండు గది తాళం ఎవరి నడుముకి ఉంటుందో, ఏ ఘడియకి తంతి తీగ తెగుతుందో, అన్నీ పూసగుచ్చినట్టు రాసి ఉన్నాయి. ఆ రాతలో ప్రతి తలకట్టూ పొడుగ్గా సాగి ఉంది. పలక మీద చెయ్యి పట్టి దిద్దించిన నాడే, అలా సాగదీయకురా అని దక్షిణామూర్తి ఎన్నిసార్లు మొట్టాడో! వాడు మానలేదు.

ఊడబెరికిన పైపలకని దక్షిణామూర్తి మళ్ళీ పెట్టె మీద పెట్టబోయాడు.

"మా ఊరు కాల్సినపుడు," అంది లోవలక్ష్మి మెల్లగా, "పటాలమోల్లు సూస్తా నిలబడినారు. నీ తమ్ముడొక్కడే గెడ్డలోంచి నీల్లు మోసినాడు. సేతులు బొబ్బలెక్కిపోనాయి. ఆ దినాన్నించి ఆడు మావోడు. ఆ కాయితం మాకు కిందికి పంపినాడు."

"ఔట్‌పోస్టులో ఎంతమంది సిగ్నలర్లు?" అడిగాడు దొర.

దక్షిణామూర్తి గేటు అవతల కొండ వైపు చూశాడు.

"మిస్టర్ దక్షిణామూర్తీ. ఎంతమంది?"

"ఒక్కడే సార్."

దొర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. హవల్దారుని పిలిచాడు. "పైకి తంతి కొట్టకండి. కొడితే అందుకునేది వాడే. పదిమంది నడిచి వెళ్ళండి. ప్రాణాలతో తీసుకురండి, ఉరి ఇక్కడ వేద్దాం."

అమ్మ అడిగిందీ ఆ మాటే, ప్రాణాలతో తీసుకురమ్మని. దక్షిణామూర్తికి ఏడుపొచ్చింది. జవాన్ల ముందు ఏడవకూడదని టోపీ కళ్ళ మీదకి లాక్కున్నాడు. మేళాన్ని తాళ్ళతో కట్టి నర్సీపట్నం నడిపించారు. కట్టినా, కట్టకపోయినా వాళ్ళు ఒకరి వెనక ఒకరే నడిచారు.

మధ్యాహ్నం బంగళాలో దొర ప్రమోషన్ ఫారం ముందేసుకున్నాడు. ఈసారి కుర్చీ చూపించాడు.

"ప్రమోషన్‌కి రికమెండ్ చేస్తున్నాను. యానాం ముఠా నడుం విరిచావు. పుట్టిన ఊరు?"

చెప్పాడు.

"సర్వీసు?"

చెప్పాడు.

"ప్రభుత్వోద్యోగంలో ఉన్న దగ్గరి బంధువులు?"

"పొద్దున్న పదింటి దాకా ఒకడుండేవాడు సార్."

"అయితే నిల్," అని రాసుకున్నాడు దొర.